యారాడ ట్రాక్టరూ, నేను విప్పని రెండు బోల్టులూ

డీజిల్ మెకానిక్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "సార్, ఏ కోర్సు చేస్తే మంచిది?" ఏదైనా మంచిదే, చేయండి. నేను చెప్పదలుచుకున్నది మాత్రం కోర్సుల్లో ఉండదు.

ముప్పై ఆరేళ్లు విశాఖ పోర్టులో సరుకు దించే ఒక కంపెనీ వర్క్‌షాపులో ఇంజిన్లు విప్పాను, బిగించాను. నాలుగేళ్ల క్రితం రిటైరయ్యాను. నా ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. వచ్చినవి రెండు, రెండూ ఆలస్యంగా వచ్చాయి. ఆ కోపం ఇంకా పోలేదు కాబట్టి రాయకపోవడమే మంచిది.

నేను మంచి మెకానిక్‌ని. ఈ మాట ఇంకెవరో అనాలి గానీ మనం అనుకోకూడదంటారు. ఎందుకు అనుకోకూడదు? వంటొచ్చిన మనిషి వంటొచ్చని చెప్పుకోదూ? కళ్లు మూసుకుని చప్పుడు వింటే ఏ సిలిండర్ కొట్టడం లేదో చెప్పగలను. ఇవాళ మీరు లాప్‌టాప్ తగిలించి చూసుకునే సంగతులు మేము అరచేత్తో తడిమి కనిపెట్టేవాళ్లం. అందుకు నాకు గర్వంగానే ఉంటుంది. కానీ ఈ మంచి మెకానిక్ ఒక పాడు పని చేశాడు. అది పద్దెనిమిదేళ్ల తర్వాత గాని బయటపడలేదు. ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను, ఎందుకంటే మీకు పనికొచ్చేది అదే.

ఖాదర్ ఉస్తాద్ షెడ్డులో

నాకు పని నేర్పింది విశాఖ పాతబస్తీలో ఖాదర్ ఉస్తాద్. పోర్టులో చేరకముందు ఐదేళ్లు ఆయన షెడ్డులో పనిచేశాను. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల లాల్చీ వేసుకుని డీజిల్ పంపులు విప్పేవారు, సాయంత్రానికి లాల్చీ మీద ఒక్క మరక ఉండేది కాదు. నా బట్టలు చూసి మా అమ్మ ఏడ్చేది.

ఆయన తిట్టేవారు కాదు. తప్పు చేస్తే నా చేతిలో పానా తీసుకుని పక్కన పెట్టేసి, ఆ పూటంతా నన్ను ఖాళీగా కూర్చోబెట్టేవారు. దెబ్బలు తిన్నా ఇంకా నయంగా ఉండేది.

ఒకసారి ఒక లారీ వచ్చింది. ఇంజిన్ తిరగడం లేదు. నేను రాడ్డు వేసి తిప్పి చూసి, "పట్టేసింది ఉస్తాద్" అన్నాను. ఆయన నా చేతిలో పానా తీసేసుకున్నారు.

"సెల్ఫ్ విప్పినావా అప్పలరాజూ?"

"లేదు ఉస్తాద్."

"మరి పట్టేసిందని నీకు ఎవరు చెప్పినారు? ఇంజిన్ చెప్పిందా?"

సెల్ఫ్ అంటే మీకు తెలుసు, తెలియనివాళ్లకు చెప్తాను. తాళం తిప్పగానే ఇంజిన్‌కి మొదటి విసురు ఇచ్చే చిన్న మోటారు. దాని పళ్ల చక్రం ముందుకొచ్చి ఇంజిన్ వెనకున్న పెద్ద చక్రం పళ్లలో పడుతుంది, తిప్పుతుంది, వెనక్కి పోతుంది. ఒక్కోసారి వెనక్కి పోదు. పళ్లలో పళ్లు ఇరుక్కుపోతాయి. అప్పుడు ఏనుగు లాగినా ఇంజిన్ కదలదు. చూసేవాళ్లకు లోపల పిస్టన్లు కాలిపోయి అతుక్కుపోయినట్టే ఉంటుంది. నిజానికి లోపల ఏమీ కాలేదు. సెల్ఫ్‌కి ఉండేవి రెండు బోల్టులు. విప్పి బయటికి తీయడానికి పది నిమిషాలు. ఆ లారీకి జరిగిందీ అదే.

డాక్టర్ అనిపించుకున్న రోజులు

పోర్టులో నాకు పేరు తెచ్చింది ఒక బొగ్గు ఓడ. అడుగున బొగ్గు ఊడ్చే లోడర్ ఓడ గర్భంలోనే ఆగిపోయింది. దాన్ని క్రేనుతో పైకి తీయాలంటే పని మొత్తం ఆపాలి. నేను నిచ్చెన దిగి, మోకాళ్ల లోతు బొగ్గులో నిలబడి, ఊపిరాడని వేడిలో పంపు విప్పి బాగుచేశాను. పైకొచ్చాక నా పళ్లు తప్ప ఏమీ కనిపించలేదట. ఓడ కెప్టెన్, ఏ దేశంవాడో, నా నల్లటి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ రోజు నుంచి కూలీలు నన్ను "డాక్టరుగారు" అనేవారు. నాకూ బాగానే ఉండేది.

మాకో మేనేజరుగారు ఉండేవారు. "చూసి చెప్తానండి" అంటే ఆయనకు ఒళ్లు మండేది. "అవుతుందా, అవదా? ఒక్క మాట చెప్పు" అనేవారు. ఓడ రేవులో నిలబడిపోతే ఆయన మీద ఎంతమంది ఎగురుతారో నాకు తెలుసు, అందుకని ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆయన దగ్గర నాకు ఒక జబ్బు అంటుకుంది. ఒక్క మాటలో తేల్చేయడం. పదిసార్లలో తొమ్మిదిసార్లు నా మాట నిజమయ్యేది. అలా నిజమవుతూ ఉంటే పదోసారి గురించి మనం ఆలోచించడం మానేస్తాం.

మీకు నేనిచ్చే మొదటి సలహా, పై అధికారి తొందర మీ చేతుల్లోకి రానివ్వకండి. ఆయన తొందర ఆయన దగ్గరే ఉండనివ్వండి.

తగరపువలసలో ఐదు నిమిషాలు

యారాడ నుంచి నూకరాజు అనే చేపల వేటగాడు నా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. మా వర్క్‌షాపులో ఎవరో నా పేరు చెప్పారట. అతనికొక పాత ఎర్ర ట్రాక్టర్ ఉండేది, మూడు సిలిండర్లది. వయసులో నాకంటే రెండు మూడేళ్లు చిన్నదంతే. అతని తండ్రి, ఇంకొందరు నావలవాళ్లు కలిసి కొన్నారు. పొలం దున్నడానికి కాదు. యారాడ ఒడ్డున కెరటాల్లోంచి నావలను ఇసక మీదికి లాగడానికి. అది లేనప్పుడు ఒక్కో నావకి పదిమంది భుజాలు పెట్టాలి. తుఫాను వస్తోందంటే నావలన్నీ ఇంకా పైకి ఎక్కించాలి, అదీ భుజాలతోనే.

ఆ ఏడు వేట ఆపిన రోజుల్లో, తగరపువలసలో ఉండే బావమరిది దున్నుకుంటానంటే దాన్ని అక్కడికి పంపాడు. అక్కడ రేడియేటర్ గొట్టం చిరిగి నీళ్లన్నీ పోయాయి. బండి కాగిపోయి ఆగిపోయింది. బావమరిది కంగారులో తాళం తిప్పుతూనే ఉన్నాడు, తిప్పుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఇంజిన్ కదలలేదు.

నేను వెళ్లాను. అదే రోజు మధ్యాహ్నానికి పోర్టులో ఒక క్రేన్ కోసం మేనేజరుగారు ఎదురుచూస్తున్నారు. రేడియేటర్ చూశాను, ఎండిపోయి ఉంది. రాడ్డు వేసి తిప్పబోయాను, కదల్లేదు. నీళ్లు లేకుండా నడిచిన ఇంజిన్ పట్టేయక ఏం చేస్తుంది?

"పోయింది నూకరాజూ. దీనికి డబ్బు తగలెయ్యకు."

"అసలికి అవదేటి మేస్త్రిగారూ? ఒక్కపాలి ఇప్పి సూత్తే?"

"విప్పినా అదే చెప్తాను."

ఈ మాట అన్నది నేనే. ఖాదర్ ఉస్తాద్ దగ్గర ఐదేళ్లు ఉండి, ఆయన చేతిలో పానా పోగొట్టుకున్నవాణ్ని. వెళ్లి ఐదు నిమిషాలు కాకుండానే స్కూటర్ ఎక్కాను.

తర్వాత తెలిసింది, నూకరాజు అక్కడి మెకానిక్కులు ఇద్దరు ముగ్గుర్ని బతిమాలాడట. "పోర్టు డాక్టరు పోయిందన్నాక మేమేటి సేత్తాం" అని ఎవరూ చెయ్యి వెయ్యలేదట. మీ పేరు పెరిగేకొద్దీ మీ తప్పు మాట కూడా బరువెక్కుతుంది. అప్పుడు నాకీ సంగతి తెలియదు.

పద్దెనిమిదేళ్ల తర్వాత

ఈ ఏడు ఎండాకాలం చివర్లో గోపాలపట్నంలో మా ఇంటి గేటు తీసుకుని నూకరాజు వచ్చాడు. గుర్తుపట్టలేదు. జుట్టు నెరిసింది. బనీను పక్కకి జరిగితే కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ కట్టి ఉంది. నావలు మోసి మోసి కట్టిన కాయ.

"మేస్త్రిగారూ, నాను నూకరాజునండి, యారాడ. తగరపువలసల ట్రాట్టరు."

"ఇంకా ఉందా అది?"

"ఉన్నాదండి. మా బావమరిది ఆ జాగాల ఇల్లు కట్టుకుంటాడట. ఆదివారం నాటికి షెడ్డు కాళీ సెయ్యమన్నాడు. నేదంటే ఇనప సామాన్లోడికి ఇచ్చెత్తానన్నాడు."

ఇన్నేళ్లకు ఇప్పుడెందుకని అడిగాను. మంచినీళ్లు తాగి, నెమ్మదిగా చెప్పాడు. ఒడ్డున ఇప్పుడు నావలు ఏడున్నాయి, భుజాలు లేవు. కుర్రాళ్లు కొందరు విశాఖ రేవులో పెద్ద బోట్ల మీదికి పోయారు, కొందరు ఉక్కు ఫ్యాక్టరీ కాంట్రాక్టు పనులకి పోయారు. మిగిలినవాళ్లంతా అతని ఈడువాళ్లే. కిందటి వానాకాలం పోటులో పైకి లాగలేక ఒక నావని కళ్ల ముందే రాళ్లకు వదిలేశారు.

"ఈ ఏడు గాని ట్రాట్టరు నేకపోతే ఒడ్డు ఒగ్గేసి ఎలిపోడమే. మీరొక్కపాలి సూడండి. అవకపోతే అవనేదు."

కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే, నాలుగేళ్లుగా ఖాళీగా ఉన్న చేతులు దురద పెడుతున్నాయి. మా ఆవిడ మాత్రం "పోయిందని మీరే అన్నారుగా, మళ్లీ ఎందుకు?" అంది. అప్పుడే నాకు ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది.

సొర నూనె

షెడ్డు తలుపు తీయగానే వాసన ముక్కు పగలగొట్టింది. ట్రాక్టర్ కాదు, ఎండు చేపల కొట్టు అనిపించింది.

"ఏంటి నూకరాజూ ఇది?"

అతను కొంచెం సిగ్గుపడ్డాడు. "సొర నూనండి. నావకి ఏటేటా పూత్తాం గదా, కర్ర పాడవకుండగ. ఇదీ మా నావలాటిదే గదా అని ఏటేటా వానల ముందర ఒచ్చి, ఆ మూడు నాజిళ్లూ ఇప్పి, లోపల గిద్దెడు గిద్దెడు పోసీవోణ్ని."

పద్దెనిమిదేళ్లు! యారాడ నుంచి తగరపువలసకు, సీసాలో సొర చేప నూనె పట్టుకుని. ఏ పుస్తకంలోనైనా ఇది తప్పే. చేప నూనె ఆరితే బంకలా పట్టుకుంటుంది, పిస్టన్ రింగులు అతుక్కుపోతాయి. నా కింద పనిచేసేవాడు ఎవడైనా ఈ పని చేస్తే వాడి వీపు చీరేసేవాణ్ని.

ముందుగా రెండు బోల్టులు విప్పాను. ఈసారి విప్పాను. సెల్ఫ్ బయటికి రాలేదు. సుత్తితో తట్టి, సన్న గునపంతో పక్కకి తోస్తే కడకు ఊడొచ్చింది. దాని ఇరుసు వంగిపోయి ఉంది. పళ్లు రెండు, పెద్ద చక్రం పళ్ల మధ్య ఇరుక్కుని అరిగిన గుర్తు కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

నేను దాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నూకరాజు వెనకాల ఉన్నాడు.

"ఏటయినాది మేస్త్రిగారూ?"

"ఏం లేదు" అన్నాను.

అది నేను చేసిన రెండో తప్పు. సెల్ఫ్ తీశాక రాడ్డు వేసినా ఇంజిన్ కదల్లేదు. అది నూనె బంక కాక, ఒకవేళ లోపల నిజంగానే పట్టేసి ఉంటే నా పరువు దక్కుతుంది కదా అని ఒక ఆశ. రెండు రోజులు సిలిండర్లలో డీజిలు, కిరసనాయిలు పోసి నానబెట్టి, పై మూత విప్పాను. బంకంతా తుడిచి టార్చి వేసి చూశాను. మూడు సిలిండర్ల గోడలూ అద్దంలా ఉన్నాయి. ఒక్క గీత లేదు. ఇంజిన్ ఏనాడూ పట్టెయ్యలేదు. ఇన్నేళ్లు తుప్పు పట్టకుండా దాన్ని కాపాడింది ఆ కంపుకొట్టే సొర నూనె. తెలిసిన డాక్టరు చంపేస్తే తెలియని వేటగాడు బతికించాడు.

ఆ నాలుగు రోజులు చేసిన పని నా జీవితంలో చేసిన మంచి పనుల్లో ఒకటి, ఇది మాత్రం గర్వంగానే చెప్తాను. రింగులు విడదీసి కడిగాను. పంపుని పాతబస్తీలో ఖాదర్ ఉస్తాద్ కొడుకు దగ్గరికి తీసుకెళ్తే, అతను తన తండ్రి బల్ల మీదే పెట్టి సరిచేశాడు. సెల్ఫ్, రేడియేటర్ గొట్టం మార్చాం. టైర్లు పాత సామాన్ల బజారులో దొరికాయి. బ్రేకులకు కొత్త లైనింగులు వేశాను. కాగితాల గోల నూకరాజు చూసుకున్నాడు, అది నన్ను అడక్కండి.

శనివారం మధ్యాహ్నం తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. తెల్లటి పొగ షెడ్డు నిండా, వేయించిన చేపల వాసనతో. పక్కింటి పిల్లులు గోడెక్కాయి. నూకరాజు బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను చెప్పవలసింది ఇంకా చెప్పలేదు.

కొండ మీది నుంచి ఒడ్డుకి

ఆదివారం పొద్దున్నే లారీ మీద ఎక్కించి, ఆనందపురం, పెందుర్తి మీదుగా సింధియా దాటి యారాడ కొండ కిందికి తెచ్చాం. లారీలోనే ఊళ్లోకి తీసుకెళ్దామన్నాను. నూకరాజు ఒప్పుకోలేదు.

"శవాన్ని తెచ్చినట్టు తేవద్దండి. ఆడు నడిసి రావాల."

నేను నడిపాను. ఎక్కడానికి అది ఏమాత్రం మొరాయించలేదు. భయపడాల్సింది దిగడం గురించి. పాత ట్రాక్టరుకి కొత్త లైనింగ్ వేశామని ధీమా పడేవాడు మెకానిక్ కాదు. పైనే ఆగి రెండో గేరులో వేసి, కింద దాకా క్లచ్ మీద కాలు పెట్టలేదు. ఇంజినే బండిని పట్టుకుని దింపాలి. వెనక బస్సు హారన్ కొట్టింది. కొట్టనీ. నూకరాజు ట్రాక్టర్ ముందు నడుస్తూ, ఎదురొచ్చే బండ్లను పక్కకి ఆపుతున్నాడు. ఆఖరి మలుపులో సముద్రం కనబడేసరికి అతను పరిగెత్తడం మొదలుపెట్టాడు.

ఒడ్డున అందరూ ఉన్నారు. ఆపకుండా నేరుగా ఇసక మీదికే తీసుకెళ్లాం. కెరటాల అంచున ఉన్న నావకి తాడు కట్టారు. నేను గేరు వేసి వదిలాను. నావ ఇసకలో ఒక్కసారి మూలిగి, కదిలి, ఎవరి భుజమూ లేకుండా పైకి నడిచింది. ముసలివాళ్లు ఇద్దరు అలవాటు కొద్దీ భుజం పెట్టబోయి, నావ ముందుకి వెళ్లిపోతే గాలిలో చేతులు పెట్టుకుని నిలబడిపోయారు.

నూకరాజు భార్య పోలమ్మ బంతిపూల దండ తెచ్చింది. సగం ట్రాక్టరుకి వేసి, సగం నా మెళ్లో వేసింది.

"సచ్చిపోయినదాన్ని లేపినాడమ్మా మేస్త్రి" అంది అందరితో.

ఆ దండ నేను మోయలేకపోయాను. తీసి స్టీరింగుకి తగిలించాను.

"ఇది చచ్చిపోలేదమ్మా. చచ్చిపోయిందని పద్దెనిమిదేళ్ల కిందట నేనే చెప్పాను. విప్పి చూడకుండా చెప్పాను. సెల్ఫ్ ఇరుక్కుంది, అంతే. రెండు బోల్టులు విప్పితే ఆ రోజే ఇంటికొచ్చేది."

పోలమ్మ నా వైపు చూసి, తర్వాత మొగుడి భుజం వైపు చూసింది.

"రెండు బోల్టులేనా?" అంది.

"రెండే అమ్మా."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. నూకరాజు ముందుకొచ్చాడు.

"నాకు తెల్సు. సెల్ఫు సేత్తో పట్టుకుని కూకుండిపోయినప్పుడే మీ మొకం సూసినాను. నాను కూడా సెప్పనేదు, మీరే సెప్తారని సూత్తన్నాను." ట్రాక్టరు వైపు తిరిగి అన్నాడు, "అయినా పోయిందని నాను నమ్మినానేటండీ? నమ్మితే ఏటేటా నూని ఎందుకు పోత్తాను?"

నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. అరవై రెండేళ్లవాణ్ని, అంతమంది ముందు.

"రేపు పొద్దున్న ఒకపాలి రండి మేస్త్రిగారూ. ఆ రెండు బోల్టులూ ఎలాగ ఇప్పాలో మా అందరికీ సూపియ్యండి. మళ్లీ ఎవుడైనా వొచ్చి పోయిందంటే, ముందర అదే ఇప్పి సూసుకుంటాం."

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాను. నావలు వేటకి పోయాయి, ఆ రోజు వేట వంతు లేనివాళ్లు, ఆడవాళ్లు ట్రాక్టర్ చుట్టూ కూర్చున్నారు. మూడుసార్లు విప్పి చూపించాను. నాలుగోసారి పానా నూకరాజు చేతికిచ్చాను. విప్పి, సెల్ఫ్ బయటికి తీసి ఇసక మీద గోనెసంచి పరిచి పెట్టాడు. పోలమ్మ ఎంతసేపు పట్టిందని అడిగింది. గడియారం చూసి, ఎనిమిది నిమిషాలని చెప్పాను.

ఆవిడ ఆ బోల్టులు రెండూ అరచేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. తర్వాత నాకందించింది.

"బిగించీండి మరి. నావలొచ్చే ఏలయినాది."

బిగించాను.